కండరంలో చేబదులు

మారథాన్‌కు ముందురోజు బిబ్ నంబర్లు పంచే చోట సప్లిమెంట్ల స్టాళ్లు వరసగా కనిపిస్తాయి. జెల్ ప్యాకెట్లు, ఉప్పు మాత్రలు, బీట్‌రూట్ రసం సీసాలు, ప్రొటీన్ డబ్బాలు. వాటి మధ్య పెద్దగా రుచీ వాసనా లేని తెల్లటి పొడి ఒకటి ఉంటుంది. దాని పేరు క్రియాటిన్ మోనోహైడ్రేట్. పరుగుకు ఇవన్నీ నిజంగా పనికొస్తాయా అని అడిగేవాళ్లకు, ఆ స్టాళ్లలో ఉన్న సరుకుల్లో చాలావాటి కంటే ఈ పొడి దగ్గర కచ్చితమైన జవాబు దొరుకుతుంది. అది కండరంలోకి ఏ దారిన వెళుతుందో, లోపల ఎంత పడుతుందో, పరుగులో ఎన్నో సెకనుకు పనిలోకి దిగుతుందో దాదాపు వందేళ్లుగా ఒక్కొక్క మెట్టూ కొలుస్తూ వచ్చారు. ఆ కొలతల్లో మొదటివాటిలో ఒకటి భీమవరంలో పుట్టిన మనిషి చేతి మీదుగా జరిగింది.

ఎల్లాప్రగడ సుబ్బారావు అనగానే మనకు ఆరియోమైసిన్, ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్ గుర్తొస్తాయి. అవి ఆయన తర్వాతి జీవితంలోవి. 1920ల్లో హార్వర్డ్ వైద్య కళాశాల బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన చేసిన తొలి పెద్ద పని చూడటానికి చాలా చిన్నది: రక్తంలో, మూత్రంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తారు. దాని పనితనం దగ్గర కాసేపు ఆగాలి. క్రియాటిన్ కథ అంతా అందులోంచే బయటపడింది.

ముందు నమూనాలో ఆమ్లం కలిపి ప్రొటీన్లను గడ్డకట్టించి వడకట్టాలి. తేటగా దిగిన ద్రవంలో ఆమ్లంతో పాటు అమోనియం మాలిబ్డేట్ కలపాలి. ద్రవంలో విడిగా ఉన్న ఫాస్ఫేటు మాలిబ్డేటుతో జతకడుతుంది. ఆ జత కంటికి దాదాపు కనిపించదు. ఇప్పుడు దాన్ని నీలంగా మార్చే రసాయనం కావాలి. చిక్కంతా ఇక్కడే. ఆ రసాయనం బలం ఎక్కువైతే ఫాస్ఫేటుతో జతకట్టని మాలిబ్డేటును కూడా నీలం చేసేస్తుంది, కొలత తప్పుతుంది. బలం తక్కువైతే రంగు మెల్లగా వస్తుంది, నిలవదు. అంతకు ముందు వాడుకలో ఉన్న హైడ్రోక్వినోన్‌తో ఈ ఇబ్బంది ఉండేది. ఫిస్కే, సుబ్బారావు అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లాన్ని ఎంచుకుని, దానికి తోడుగా ఉండాల్సిన ఆమ్లం పాళ్లు కుదిర్చారు. జతకట్టిన మాలిబ్డేటు మాత్రమే నీలమవుతుంది, విడిగా ఉన్నది అలాగే మిగులుతుంది. ఎంత ఫాస్ఫేటు ఉంటే అంత నీలం.

ఆ నీలాన్ని కొలవడానికి ఆ కాలపు ప్రయోగశాలల్లో ఉన్నది డ్యూబాస్క్ కలరీమీటర్. రెండు గాజు గిన్నెలు పక్కపక్కన ఉంటాయి. ఒకదానిలో ఫాస్ఫేటు ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం, రెండోదానిలో నమూనా. గిన్నెల కిందనుంచి వెలుగు పైకి వస్తుంది. గిన్నెల్లోకి దిగే గాజు కడ్డీలు ఎంత లోతు ద్రవం గుండా ఆ వెలుగు రావాలో నిర్ణయిస్తాయి. పైన కంటి దగ్గర రెండు వెలుగులూ ఒకే వృత్తంలో రెండు సగాలుగా కనిపిస్తాయి. రెండు సగాల రంగూ ఒకటయ్యే దాకా మర తిప్పి లోతు సరిచేసి, స్కేలు మీద అంకె చదవాలి. ముదురు ద్రావణానికి తక్కువ లోతు సరిపోతుంది, పలుచని దానికి ఎక్కువ కావాలి. మిగిలింది లెక్క.

ఈ పద్ధతిని కండరం మీద ప్రయోగించినప్పుడు ఒక చిన్న తేడా కనబడింది. మామూలు ఫాస్ఫేటు ద్రావణంలో నీలం కొద్ది నిమిషాల్లో నిలకడకు వస్తుంది. కండరం నుంచి తీసిన వడపోతలో మొదట ఉండాల్సినంత నీలం రాలేదు. పైగా అది నిలవకుండా ఇంకా ముదురుతూ పోయింది. పని తొందరలో ఉన్నవాళ్లు కాసేపు ఆగి, రంగు నిలిచాక అంకె రాసుకుని ముందుకు పోయేవాళ్లు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. నిమిషాల మీద ముదురుతోందంటే కొత్త ఫాస్ఫేటు ఎక్కడినుంచో విడుదలవుతోందని అర్థం. గిన్నెలో ఉన్న ఆమ్లమూ మాలిబ్డేటూ కలిసి ఏదో సున్నితమైన పదార్థాన్ని మెల్లగా విరగ్గొడుతున్నాయి. దాన్ని వేరుచేసి చూస్తే ఒక పాలు ఫాస్ఫారిక్ ఆమ్లం, ఒక పాలు క్రియాటిన్. 1927లో ప్రకటించిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. అదే ఏడు లండన్‌లో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు కూడా కప్ప కండరంలో ఈ చంచలమైన ఫాస్ఫేటును పట్టుకున్నారు. అందులో ఉన్నది క్రియాటిన్ అని తేల్చింది మాత్రం హార్వర్డ్ జంట.

క్రియాటిన్ అప్పటికే పాతది. 1832లో ఫ్రాన్సులో షెవ్రెల్ దాన్ని మాంసంలోంచి తీశాడు. కండరంలో అంత పదార్థం ఎందుకుందో మాత్రం తొంభై ఏళ్లు దాటినా ఎవరికీ తెలియలేదు. పిల్లి కండరానికి విద్యుత్తు తగిలించి పనిచేయిస్తే ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోవడం, విశ్రాంతినిస్తే మళ్లీ పెరగడం ఫిస్కే, సుబ్బారావు చూశారు. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లం పుట్టడమే మూలమన్న సిద్ధాంతం అప్పట్లో రాజ్యమేలుతోంది. 1922 నోబెల్ బహుమతి హిల్, మయర్‌హోఫ్‌లకు ఆ రంగంలో పరిశోధనకే దక్కింది. 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషమిచ్చిన కండరాలు కూడా కాసేపు ముడుచుకుంటాయని, అంతసేపూ తరిగేది ఫాస్ఫోక్రియాటినేనని చూపించాడు. హిల్ తన సిద్ధాంతాన్ని పట్టుకు వేలాడలేదు. కండర శాస్త్రంలో విప్లవం వచ్చిందని ఆయనే రాశాడు.

ఇక పరుగువాడి తొడలోకి వెళదాం. కండరపు పోగును నేరుగా కదిలించేది ఏటీపీ. అది ఒక ఫాస్ఫేటును వదిలి ఏడీపీగా మారుతుంది, ఆ వదలడంలో వచ్చే శక్తితో పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి. కండరంలో ఏటీపీ నిల్వ చాలా తక్కువ. శక్తినంతా పెట్టి పరుగెత్తితే రెండు మూడు సెకన్లకు సరిపోయేంత. అయినా వంద మీటర్లు పరుగెత్తేవాడి కండరంలో ఏటీపీ అడుగంటదు. ఏడీపీ ఏర్పడిన వెంటనే పక్కనున్న ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటును దానికి ఇచ్చి తిరిగి ఏటీపీగా చేస్తుంది. ఇది పొరుగింటి చేబదులు లాంటిది: కాగితం లేదు, వడ్డీ లేదు, అడిగిన క్షణంలో అందుతుంది. చక్కెరను విరిచి శక్తి తీసే దారిలో మెట్లు పది ఉన్నాయి. ఊపిరితో వచ్చే ఆక్సిజన్ వాడుకునే దారి ఇంకా పొడుగు. ఇక్కడ ఒకే ఒక్క మెట్టు, దాన్ని నడిపించేది క్రియాటిన్ కైనేజ్ అనే ఒకే ఎంజైము.

ఆ ఎంజైము ఉండే చోటు చూడండి. పోగు మధ్యలో ఎం-గీత అనే అడ్డుపట్టీ ఉంటుంది. క్రియాటిన్ కైనేజ్‌లో కొంత భాగం సరిగ్గా ఆ గీతను అంటిపెట్టుకుని, ఏటీపీ ఖర్చయ్యే చోటికి అతి దగ్గరగా ఉంటుంది. దాని మరో రూపం మైటోకాండ్రియా రెండు పొరల మధ్య, ఏటీపీ తయారై బయటికొచ్చే చోట కాపు కాస్తుంది. ఇక్కడ తయారైన ఏటీపీ నుంచి ఫాస్ఫేటు తీసుకుని క్రియాటిన్‌కు అప్పగిస్తుంది. ఖర్చయ్యే చోట ఒకటి, సంపాదన చోట ఒకటి. మధ్యలో చిన్న అణువులైన క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ తేలికగా అటూ ఇటూ పోతుంటాయి. ఇంకో మేలు కూడా ఉంది. ఫాస్ఫేటు చేతులు మారేటప్పుడు ఒక హైడ్రోజన్ అయాన్ కూడా ఖర్చయిపోతుంది కాబట్టి, తొలి క్షణాల్లో కండరంలో ఆమ్లత పెరగడం కొంత వెనకబడుతుంది.

ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ ఏటీపీకి మూడు రెట్లకు పైగా ఉంటుంది. ప్రాణం పెట్టి పరుగెత్తితే పది సెకన్ల లోపే అందులో పెద్ద భాగం ఖర్చవుతుంది. ఆగి ఊపిరి తీసుకుంటే అర నిమిషంలో సుమారు సగం, నాలుగైదు నిమిషాల్లో దాదాపు అంతా తిరిగి నిండుతుంది. ట్రాక్ మీద వేగం సాధన చేసేటప్పుడు కోచ్‌లు విడతకూ విడతకూ మధ్య అన్నేసి నిమిషాలు నిలబెట్టడంలో ఈ లెక్క ఉంది.

ఈ నిల్వను పెంచగలమా అన్నదే సప్లిమెంటు ప్రశ్న. శరీరం క్రియాటిన్‌ను తనే చేసుకుంటుంది. మూత్రపిండాల్లో ఆర్జినిన్, గ్లైసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలతో పని మొదలై కాలేయంలో ముగుస్తుంది. అలా రోజుకు సుమారు ఒక గ్రాము. మాంసం, చేపలు తినేవాళ్లకు తిండిలో ఇంకో గ్రాము దాకా వస్తుంది. డెబ్బై కిలోల మనిషిలో మొత్తం 120 గ్రాముల ప్రాంతం, అందులో 95 శాతం కండరాల్లోనే. రోజూ రెండు గ్రాముల దాకా తనంతట తనే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. శాకాహారుల తిండిలో క్రియాటిన్ దాదాపు ఉండదు. పాలల్లో ఉన్నది లెక్కలోకి రానంత కొంచెం. అందుకే వాళ్ల కండరాల్లో నిల్వ తక్కువగా కనిపిస్తుంది.

రక్తంలో కంటే కండరంలో క్రియాటిన్ సాంద్రత ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువ ఉన్న చోటినుంచి ఎక్కువ ఉన్న చోటికి లాగాలంటే శ్రమ కావాలి. కణం పొర మీద ఉన్న రవాణా ప్రొటీను సోడియం, క్లోరైడ్ అయాన్లు లోపలికి వచ్చే ఊపుతో క్రియాటిన్‌ను కూడా లోపలికి తెస్తుంది. తినిపించిన పొడి నిజంగా లోపలికి వెళ్లిందా అన్నది రక్తపరీక్షతో తేలదు. కండరాన్నే తీసి చూడాలి. దానికి స్వీడన్‌లో 1960ల్లో యోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ వాడుకలోకి తెచ్చిన సూది ఉంది. బయట బోలు గొట్టం, దాని పక్కన చిన్న కిటికీ, లోపల జారే పదునైన మరో గొట్టం. తొడ మీద మత్తిచ్చి, చర్మానికి చిన్న గాటు పెట్టి సూది దింపుతారు. కిటికీలోకి వచ్చిన కండను లోపలి గొట్టం కోస్తుంది. తీసిన ముక్కను ఆలస్యం లేకుండా ద్రవ నత్రజనిలో ముంచాలి. లేకపోతే కొలవాల్సిన ఫాస్ఫోక్రియాటిన్ చేతిలోనే విరిగిపోతుంది. తర్వాత గడ్డకట్టిన స్థితిలోనే నీరు తీసి, నెత్తురూ పీచూ ఏరేసి, మిగిలిన పోగులను తూచి పరీక్షిస్తారు.

రోజర్ హ్యారిస్, కరిన్ సోడర్‌లుండ్, ఎరిక్ హల్ట్‌మన్ 1992లో ప్రచురించిన ప్రయోగం ఈ సూదితో చేసిందే. ఐదేసి గ్రాముల చొప్పున రోజుకు నాలుగు నుంచి ఆరు సార్లు క్రియాటిన్ ఇచ్చి, ముందూ వెనకా కండరం తీసి చూశారు. నిల్వ పెరిగింది. మొదట తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువగా, నిండుగా ఉన్నవాళ్లలో కొద్దిగా. ఒక హద్దు దాటి ఎవరిలోనూ పెరగలేదు. నాకు ఆ ప్రయోగంలో అన్నిటికంటే నచ్చేది కాళ్ల ఏర్పాటు. కొందరిచేత రోజూ ఒక గంట ఒకే కాలితో వ్యాయామం చేయించి, రెండో కాలిని ఊరుకోనిచ్చారు. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే నెత్తురు, రెండు కాళ్లు. పనిచేసిన కాలు ఎక్కువ క్రియాటిన్ పట్టుకుంది. మనిషికీ మనిషికీ ఉండే తేడాలన్నీ అంత సులువుగా పక్కకు జరిగిపోయాయి.

1996లో హల్ట్‌మన్ బృందం ఇంకో సంగతి తేల్చింది. ఆరు రోజులు రోజుకు 20 గ్రాములు తీసుకున్నా, 28 రోజులు రోజుకు 3 గ్రాములే తీసుకున్నా కండరం చేరేది ఒకే మట్టానికి. పెరుగుదల సుమారు 20 శాతం. తర్వాత రోజుకు రెండు గ్రాములతో అది నిలుస్తుంది. డబ్బా మీద రాసిన పెద్ద మోతాదులు తొందరున్నవాళ్లకే తప్ప అందరికీ అక్కర్లేదని దీనితో తెలిసిపోతుంది.

నిల్వ పెరిగితే పరుగు మెరుగవుతుందా? 1993లో పాల్ బాల్సమ్, స్టాక్‌హోమ్‌లోని ఆయన సహచరులు రెండు వేర్వేరు పరీక్షలు ప్రచురించారు. ఒకదానిలో ఆరేసి సెకన్ల చొప్పున పది విడతలు సైకిలు మీద విపరీతమైన వేగంతో తొక్కించారు, మధ్యలో కొద్ది విశ్రాంతి. క్రియాటిన్ తీసుకున్నవాళ్లు చివరి విడతల్లో, అదీ ఆరు సెకన్లలో ఆఖరి సెకన్లలో, వేగం తగ్గకుండా బాగా నిలబడగలిగారు. సరిగ్గా ఫాస్ఫోక్రియాటిన్ అయిపోయే చోటే లాభం కనబడింది. రెండో పరీక్ష ఎగుడుదిగుడు నేల మీద ఆరు కిలోమీటర్ల పరుగు. ఇక్కడ క్రియాటిన్ తీసుకున్నవాళ్లు మునుపటి కంటే నెమ్మదించారు. వాళ్ల బరువు కిలోకు దగ్గరగా పెరిగింది. కండరంలో క్రియాటిన్ చేరితే దానితో పాటు నీరూ చేరుతుంది.

ఈ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం లేదు. చేబదులు పది సెకన్ల అవసరానికి ఉన్నది. 42.195 కిలోమీటర్ల పరుగులో శక్తి దాదాపు మొత్తం ఆక్సిజన్ దారినే వస్తుంది. అక్కడ ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ 20 శాతం పెరిగినా సరాసరి వేగంలో కనబడదు, మోయాల్సిన బరువు మాత్రం ప్రతి అడుగులోనూ ఉంటుంది. 65 కిలోల మనిషికి ఒక కిలో అంటే ఒకటిన్నర శాతం. నాలుగు గంటల్లో ముగించేవాడికి కాగితం మీద లెక్కేస్తే అది మూడు నిమిషాలకు పైమాటే. కనుక మారథాన్ రోజు కోసమే అయితే నేను ఈ డబ్బా కొనమని చెప్పను. వంద, రెండు వందల మీటర్ల వాళ్లకు, మెట్టల మీద చిన్న చిన్న వేగపు విడతలు సాధన చేసేవాళ్లకు, జిమ్‌లో బరువులెత్తి కాళ్ల బలం పెంచుకునేవాళ్లకు ఇది నిజంగా సాయపడుతుంది. శాకాహారులైతే మొదట నిల్వ తక్కువ గనుక తేడా ఇంకాస్త ఎక్కువగా ఉండొచ్చు. దూరం పరుగెత్తేవాళ్లలో కూడా సాధన నెలల్లో వాడి, పందెం దగ్గరపడేసరికి ఆపేసే దారి ఒకటుంది. ఆపిన నాలుగైదు వారాలకు కండరం పాత మట్టానికి వస్తుంది.

క్రియాటిన్ పరీక్షల్లో ఒక బలహీనత ఉంది. బరువు పెరగడం చూసి, తనకిచ్చింది అసలుదా ఉత్తుత్తిదా అని మనిషి ఊహించగలడు. ఈ విషయంలో బీట్‌రూట్ రసం పరీక్షించినవాళ్ల నేర్పు మెచ్చుకోదగ్గది. బీట్‌రూట్‌లో పనిచేసేది నైట్రేటు. దాన్ని నాలుక మీది సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి, శరీరంలో అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, అదే పనికి కండరం కాస్త తక్కువ ఆక్సిజన్‌తో సరిపెట్టుకుంటుంది. సూక్ష్మజీవులను చంపే మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే ఈ గొలుసు తెగిపోతుంది. నైట్రేటు పనితనాన్ని పరీక్షించడానికి ఇంగ్లాండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాడిన ఉత్తుత్తి రసం కూడా బీట్‌రూట్ రసమే. దాన్ని అయాన్లు మార్చే రెజిన్ గుండా పంపి నైట్రేటును మాత్రం తీసేశారు. రంగు అదే, రుచి అదే, వాసన అదే. తాగాక మూత్రం ఎర్రబడటం కూడా అదే. తాగినవాడికి తెలుసుకునే దారే లేదు. అంత జాగ్రత్తగా చూసినా నైట్రేటు వల్ల చిన్న లాభం తేలింది, అదీ బాగా తర్ఫీదు పొందినవాళ్లలో కంటే మామూలు పరుగువాళ్లలో ఎక్కువగా. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2018 ప్రకటనలో ఆటకు నేరుగా మేలు చేస్తాయన్నందుకు తగిన ఆధారం ఉన్నవాటిగా లెక్కించినవి కొద్దే: కెఫీన్, క్రియాటిన్, నైట్రేటు, బీటా-అలనైన్, సోడియం బైకార్బొనేట్. ఐరన్ లాంటివి లోపం ఉన్నవాళ్లకే మేలు చేస్తాయి. ఆ స్టాళ్ల మీది మిగతా సరుకు ముందు ఇంత ఓపికగా నిలబడి పరీక్షించిన చేతులు తక్కువ.

పొడి సంగతికొస్తే, మోనోహైడ్రేట్ అంటే ప్రతి క్రియాటిన్ అణువుతో ఒక నీటి అణువు కలిసి ఉన్న స్ఫటికం. తూకంలో 88 శాతం క్రియాటిన్. దీన్ని మాంసం నుంచి తీయరు. సార్కోసిన్ లవణాన్ని, సయనమైడ్‌ను కలిపి కర్మాగారంలో చేస్తారు కాబట్టి శాకాహారులకు అభ్యంతరం అక్కర్లేదు. చల్లటి నీళ్లలో సరిగా కరగదు, గోరువెచ్చని నీళ్లలో కలపాలి. పొడిగా ఉన్నంతకాలం చెడదు, కలిపి ఉంచితే మెల్లగా క్రియాటినిన్‌గా మారుతుంది గనుక అప్పటికప్పుడు తాగాలి. ఎక్కువ ధరకు అమ్మే ఇథైల్ ఎస్టర్ రకం దీనికంటే మెరుగేమీ కాదు. నిజానికి అది ఒంట్లో త్వరగా క్రియాటినిన్ అయిపోతుంది. మూత్రపిండాల పరీక్షలో కొలిచేది కూడా ఈ క్రియాటినినే. క్రియాటిన్ వాడేవాళ్లలో ఆ అంకె జబ్బేమీ లేకుండానే కాస్త పైకి కనబడొచ్చు కాబట్టి, రక్తం ఇచ్చే ముందే డాక్టరుకు చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లయితే ఆయన్ని అడగకుండా డబ్బా తెరవకూడదు.

క్రియాటిన్ నిషిద్ధ పదార్థం కాదు. డబ్బాలో క్రియాటిన్ తప్ప ఇంకేమీ లేదన్న హామీ మాత్రం వేరే సంగతి. కొలోన్‌లోని డోపింగ్ పరీక్షల ప్రయోగశాల 13 దేశాల్లో కొన్న, హార్మోన్లు లేవని చెప్పుకునే 634 సప్లిమెంట్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 94 డబ్బాల్లో, అంటే నూటికి దాదాపు 15 చొప్పున, లేబుల్ మీద రాయని హార్మోన్ సంబంధ పదార్థాలు దొరికాయి. పోటీల్లో మూత్ర పరీక్షకు నిలబడాల్సిన క్రీడాకారులు బ్రాండు పేరు చూసి ఊరుకోకూడదు. తాము కొన్న బ్యాచ్‌నే స్వతంత్ర ప్రయోగశాల పరీక్షించిందో లేదో ఆ బ్యాచ్ నంబరుతో సరిచూసుకుని, వాడినన్నాళ్లూ ఖాళీ డబ్బాను కూడా దాచి ఉంచాలి.